ముప్ఫై కిలోమీటర్లకి కాస్త తక్కువ

సార్కిలహ్తి,
11 జనవరి 1971

బావగారికి,

మీరు ఆవిరిస్నానాల సౌనా కప్పెక్కి మంచు తోస్తూ జారిపడ్డారని తెలిసిన రోజు ఊరంతా "అయ్యో" అంది. మర్నాటికి ఆ అయ్యో కాస్తా "మరి పందెం ఎలా?" అయి కూర్చుంది. మీ కాలు గురించి కూడా అడుగుతున్నారు, పందెం గురించి అడిగాక.

శనివారం క్లబ్బు మీటింగులో ప్రెసిడెంటుగారు "ఈ ఏడాది సరస్సు మీద స్కీ దారి ఎవరు చూసుకుంటారు?" అన్నారు. అందరూ బల్లకేసి చూశారు. బల్ల ఏమీ అనలేదు. ఆ సమయానికి నేను కాఫీ పోస్తున్నాను, గదిలో నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. "అయితే ఐలి నిలబడింది" అని రాసేసుకున్నారు. కాఫీ మాత్రం పూర్తిగా పోయించుకున్నారు.

పందెం మార్చి పధ్నాలుగున. పంతొమ్మిదేళ్ళు మీరు చేసిన పనికి కాగితం మీద ఒక్క ముక్క లేదు. బీరువాలో "దారి" అని రాసిన ఫైలు కనిపిస్తే సంబరపడిపోయి తెరిచాను. అందులో ఒక ఎండు చేపతోక, మీ పెన్సిలు ఉన్నాయి. చేపతోక ఎందుకో రాయండి, అవసరమైతే దాచి ఉంచుతాను. సరస్సు మీది గడ్డ ఇప్పుడు ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల మందం. దాని మీద మంచు మోకాలి దాకా. మొదట ఏం చెయ్యాలి?

ఇంకో సంగతి. ఇది ఇరవయ్యో పందెం కదా, జిల్లా క్రీడా సంఘం ఈ ఏటి నుంచి దీన్ని అధికారిక ముప్ఫై కిలోమీటర్ల పందెంగా గుర్తిస్తుందట. లిండ్రూస్ అనే ఆయన వస్తారు. దారి పొడవు కొలిచి ముందుగా పత్రం పంపాలి. పాత రికార్డు కూడా జిల్లా పుస్తకంలో అచ్చేస్తారు. అది విన్నప్పట్నుంచి మీ తోడల్లుడుగారు నేల మీద లేరు. మొట్టమొదటి పందెంలో తను చేసిన గంటా నలభై నాలుగు నిమిషాల పది సెకన్లు అచ్చులో చూసుకోవాలని ఆశ. ఏటా గీత దగ్గర టైము రాసే గడియారాన్ని రోజుకి రెండుసార్లు తుడుస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఇంత హుషారుగా చూడలేదు బావా. నిన్న పాలగిన్నె తనే కడిగారు.

మీ మరదలు,
ఐలి


జిల్లా ఆసుపత్రి, మూడో వార్డు,
17 జనవరి

ఐలికి,

నా కాలు కప్పుకి వేలాడదీశారు. పక్క మంచం ఆయన పాస్టరు. ఇద్దరం రోజంతా పైకే చూస్తున్నాం, ఆయనకి అలవాటే.

చేపతోక ఎవరిదో నాకూ తెలియదు. పారెయ్యి.

విను. సరస్సు మీద పందేనికి చలి శత్రువు కాదు, మంచు శత్రువు. ఎక్కువ మంచు పడితే గడ్డ బలపడుతుందనుకుంటారు ఊళ్ళో తెలివైనవాళ్ళు. మంచు దుప్పటి. కప్పుకుంటే కింద గడ్డ వెచ్చగా పడుకుంటుంది, మందం పెరగదు. పైన బరువు ఎక్కువై గడ్డ కుంగుతుంది, పగుళ్ళలోంచి నీళ్ళు పైకొస్తాయి. పైన చూస్తే తెల్లగా ముచ్చటగా ఉంటుంది, కింద మడమ లోతు నీటి బురద. అందులో దిగిన స్కీకి ఇటుకంత మంచు అంటుకుంటుంది. అప్పుడు స్కీ వేసుకున్నవాడు ఏమంటాడో పాస్టరుగారి పక్కన పడుకుని రాయలేను. కాబట్టి ముందు దారి పొడుగునా మంచు తొక్కించు. గుర్రాన్ని నడిపించు, మనుషుల్ని నడిపించు. తొక్కిన చోట చలి లోపలికి దిగుతుంది. ఆ తర్వాతే స్కీ జాడ తియ్యి. మలుపుల్లో దేవదారు కొమ్మలు పాతు. దీవికి దక్షిణంగా మాత్రం పోవద్దు, అక్కడ మిల్లు కాలవ నీళ్ళు కింద పారుతూనే ఉంటాయి. ఎన్ని కొమ్మలు పాతినా అది గడ్డ కాదు.

జిల్లా వాళ్ళకి వద్దని రాసెయ్యి. అధికారికం అయితే ఏమొస్తుంది? ఫారాలొస్తాయి. దారి కొలవక్కర్లేదు. నేను కొలిచాను. ఒడ్డు చెట్ల మీద నేను చెక్కిన గుర్తుల ప్రకారమే వెయ్యి. చాలు.

అర్మాస్


సార్కిలహ్తి,
3 ఫిబ్రవరి

బావగారికి,

తొక్కాం. పదకొండు మంది ఆడవాళ్ళు, ఒక గుర్రం, ఆరు రోజులు. మగవాళ్ళందరికీ ఆ వారం నడుంనొప్పి వచ్చింది. గడ్డ ఇప్పుడు నలభై ఒకటి.

కొమ్మలు కూడా పాతాం, అక్కడే వచ్చింది చిక్కు. పోయిన వారం సోమవారం పొద్దున్న చూద్దును కదా, మన స్కీ దారి మధ్యలో ఒక లారీ! దుంగలు తెచ్చుకునే రైకోనెన్‌ది. మెల్లగా, మర్యాదగా, మన మలుపులన్నీ తిరుగుతూ వస్తున్నాడు. ఎదురెళ్ళి "ఏమయ్యా, కళ్ళు లేవా?" అన్నాను. "ఉన్నాయి కాబట్టేగా టీచరమ్మా! సరస్సు మీద కొమ్మలు పాతారంటే అది లారీదారి. మా తాత కాలం నుంచి అంతే. ఏమిటీ మెలికలు అనుకుంటూనే వచ్చాను. పంచాయతీవాళ్ళకి మతిపోయిందనుకున్నా" అన్నాడు. తప్పు అతనిది అనడానికి నోరు రాలేదు. చలికాలంలో సరస్సు మీద కొమ్మ కనిపిస్తే నేనైనా దాని వెనకే పోతాను. ఖాళీ లారీ కాబట్టి సరిపోయింది. అతను వెళ్ళాక తూర్పు వైపు రెండు కిలోమీటర్లు గడ్డ మీదికి నీళ్ళెక్కాయి. నాలుగు రోజులు చలికి వదిలేస్తే మళ్ళీ గట్టిపడింది. ఇప్పుడు స్కీ కొమ్మలకి ఎర్ర గుడ్డలు కట్టాను. మా ఆయన టానేలి పాత బనీన్లు. ఆయనకింకా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు వద్దన్నా కొలిచాను. నేను లెక్కల టీచర్ని, కొలవని దారికి కొలిచానని సంతకం పెట్టలేను. టెలిఫోను వాళ్ళ దగ్గర నూరు మీటర్ల ఉక్కు తీగ అడిగి తెచ్చి, పక్కింటి మార్తా, నేను నాలుగు రోజులు పట్టి కొలిచాం. ఇరవై ఏడు వేల ఆరు వందల మీటర్లు వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాం. అంతే వచ్చింది.

ముప్ఫైకి రెండు వేల నాలుగు వందల మీటర్లు తక్కువ. సరస్సు కుంచించుకుపోయిందా, కిలోమీటరు సాగిందా? టానేలికి చెప్పలేదు. మార్తా నోరు కట్టేశాను, ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు. వెంటనే రాయండి.

ఐలి


మూడో వార్డు,
8 ఫిబ్రవరి

ఐలీ,

సరస్సు బాగానే ఉంది. పొట్టిదైంది తాడు.

యాభై రెండులో దారి కొలవడానికి నా దగ్గర యాభై మీటర్ల వల తాడు ఉండేది. ఆరు వందలసార్లు వేస్తే ముప్ఫై కిలోమీటర్లు. ఆరు వందలసార్లే వేశాను, ఒక్కటి తక్కువ వెయ్యలేదు, ఒట్టు. వేలు గడ్డకట్టి గోరు ఊడింది. ఆ జూన్‌లో మా వసారాలో కూర్చుని కాఫీ తాగుతూ తలెత్తి చూస్తే, మీ అక్క సైమి బట్టలారేసిన తాడు నా వల తాడులా కనిపించింది. "ఇదెక్కడిది?" అన్నాను. "నీ తాడులోదే, చివర నాలుగు మీటర్లు కోసుకున్నా. అంత పొడుగు తాడుకి నాలుగు మీటర్లు ఒక లెక్కా? కిందటి వేసవిలోనే కోశాను, నువ్విప్పుడు చూశావు" అంది. నా చొక్కాలు ఏడాదిగా దాని మీదే ఆరుతున్నాయి.

కాఫీ చల్లారిపోయే దాకా లెక్కేశాను. నీకు లెక్కలొచ్చు, నేను చెప్పక్కర్లేదు.

అప్పటికే టానేలి టైము పేపర్లో వచ్చింది. దేశంలో మూడో మంచి టైము అని. వాడు దాన్ని పటం కట్టించాడు. వచ్చే పందేనికి ముందు చెబుదాం అనుకున్నాను. జనవరిలో అడవిలో దుంగ దొర్లి వాడి మోకాలి మీద పడింది. నిజం చెప్పాలనే ఆసుపత్రికి వెళ్ళాను, టోపీ చేత్తో పట్టుకుని. వాడు కట్టు కట్టిన కాలు చూసుకుంటూ "పోతే పోయింది అన్నయ్యా, ఆ ముప్ఫై కిలోమీటర్లు నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు" అన్నాడు. నేను మళ్ళీ టోపీ పెట్టుకుని వచ్చేశాను.

అప్పట్నుంచి ఏటా అవే గుర్తుల మీద దారి వేశాను. అందరూ అదే పొట్టి దారి మీద పోతే వాడి రికార్డుకి అన్యాయం జరగదు, ఎవడి రికార్డుకీ జరగదు అనుకున్నాను. నాకు చేతనైన నిజాయితీ అది.

అర్మాస్


సార్కిలహ్తి,
12 ఫిబ్రవరి

బావగారూ,

మా అక్క పోయి నాలుగేళ్ళయింది. తప్పు ఆవిడ మీదికి తోస్తే తిరిగి జవాబు చెప్పలేదని ధైర్యం. కొలిచే ముందు తాడు కొలుచుకోవాలని మీకు తెలియదా? నా రెండో తరగతి వాళ్ళకి తెలుసు.

మీకు టోపీ పెట్టుకుని వచ్చేయడం కుదిరింది. నేను ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఆ పటం మా పొయ్యి పక్కనే ఉంటుంది. ఏటా పందెం రోజు ఆయన గీత దగ్గర కూర్చుంటారు, నేను వెనక నిలబడతాను. గంటా నలభై నాలుగు దాటే దాకా ముందొచ్చే ప్రతివాడి కాళ్ళూ తడబడాలని కోరుకుంటాను, అందులో నా పాత విద్యార్థులుంటారు. టీచర్ననుకోవడానికి సిగ్గేస్తుంది. టైము దాటాక ఆయన "బాగా వచ్చావోయ్, ఇంకొంచెం ఉంది" అంటారు. ఏడాదికి ఆ ఒక్కరోజే కాలు నొప్పి గురించి మాట్లాడరు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? కొలత నిజం పంపితే లిండ్రూస్ ఊరందరి ముందూ "పాత టైములు చెల్లవు" అని మైకులో చదువుతాడు. అబద్ధం పంపితే ఆయన టైము అబద్ధంగా అచ్చవుతుంది, దాని కింద నా సంతకం ఉంటుంది. మీ మీద చాలా కోపంగా ఉంది. కొత్త మేజోళ్ళు అల్లి పంపుతున్నాను, ఆసుపత్రిలో నేల చల్లగా ఉంటుందట.

ఐలి


మూడో వార్డు,
16 ఫిబ్రవరి

ఐలీ,

మేజోళ్ళు అందాయి. ప్రస్తుతానికి ఒకటే వేసుకోగలను.

నా సలహా: నీళ్ళెక్కాయని వంక పెట్టి దారి ఇంకో రెండు వేల నాలుగు వందల మీటర్లు తిప్పు. ముప్ఫై సరిపోతుంది. పాత దారి పొడవెంతో ఎవరడుగుతారు? జిల్లావాళ్ళకి కొత్త కొలత పంపు. పాతది సరస్సుకీ నాకూ వదిలెయ్యి.

ఈ మాట రాశాక పాస్టరుగారిని అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా. ఆయన కప్పుకేసి చూస్తూ "ఆ దారి వేసినవాడు భయపడుతున్నాడు" అన్నారు. నిజమే. టానేలి నా మొహం చూడకుండా పోతాడేమోనని పంతొమ్మిదేళ్ళుగా భయపడుతున్నాను. సైమి పోయాక ఆదివారం కాఫీకి నాకున్నది మీ ఇల్లొక్కటే.

నువ్వెలా చేసినా సరే.

అర్మాస్


సార్కిలహ్తి,
2 మార్చి

బావగారికి,

చెప్పేశాను. మైకులో వినడం కంటే నా నోట వినడం మేలనిపించింది. ఇరవై ఒకటిన, ఆదివారం మధ్యాహ్నం, ఆయన బంగాళాదుంపలు ఒలుస్తుంటే చెప్పాను. తాడు, వసారా, మీ టోపీ, అన్నీ చెప్పాను. మొత్తం విన్నారు. మిగిలిన దుంపలు ఒలిచారు. తొక్కు పల్చగానే తీశారు. తర్వాత "నాలుగు మీటర్లా?" అన్నారు. "అవును, ఒక్కో తాడుకి" అన్నాను. "మీ అక్క ఎప్పుడూ పొదుపు మనిషే" అన్నారు. అంతే. పటం దించి గోడవైపు తిప్పి పెట్టారు.

మర్నాడు గడ్డకి బొరియలు వేసే బరమా భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని సరస్సు మీదికి వెళ్ళారు. మూడు రోజులు పొద్దున్న వెళ్ళడం, చీకటి పడకముందు రావడం. ఏం చేస్తున్నారంటే చెప్పరు. భయమేసి మార్తాని వెనక పంపాను. "బొరియలు వేస్తున్నాడు, కొలుస్తున్నాడు, ముందుకెళ్తున్నాడు. చేపలు పట్టడంలేదు" అని వచ్చి చెప్పింది. నాలుగో రోజు నా ముందు ఒక కాగితం పెట్టారు. ఉత్తరపు రెల్లు చుట్టూ ఒక మెలిక గీసి ఉంది, నలభై ఎనిమిది బొరియల లోతులు రాసి ఉన్నాయి. గడ్డ ఎక్కడా ముప్ఫై తొమ్మిది సెంటీమీటర్లకి తగ్గలేదు. కింద "2400 మీ., ఉక్కు తీగతో" అని ఉంది. రెల్లులోపల గడ్డ నమ్మకూడదు, అందుకని నలభై మీటర్లు ఎడంగా వేశారు.

దారి దొరికింది. జిల్లాకి నిజమే పంపాను, పాత కొలతా కొత్త కొలతా రెండూ. కానీ గీత దగ్గర కూర్చుంటారో లేదో చెప్పడంలేదు. గడియారం తుడవడం మానేశారు. మీ మాట ఎత్తితే లేచి కట్టెలు కొట్టడానికి వెళ్తున్నారు. కట్టెలు మాత్రం మే దాకా సరిపోతాయి.

ఐలి


సార్కిలహ్తి,
15 మార్చి

అర్మాస్ అన్నయ్యా,

నేను ఉత్తరాలు రాయనని నీకు తెలుసు. ఐలి ఇంకా పడుకుని ఉంది, నిన్న బాగా అలసిపోయింది. అందుకని నేను రాస్తున్నాను.

శనివారం గాలి కొట్టి జాడలు సగం పూడ్చేసింది. ఐలి పందేన్ని రెండు గంటలు వెనక్కి జరిపి, రైకోనెన్ లారీ వెనక దుంగ కట్టించి ఒడ్డు వైపు చదును చేయించింది. ఈసారి లారీ రావాల్సిన చోటికే వచ్చింది. లిండ్రూస్ సన్నటి మనిషి, పెద్ద సంచి. పాత టైములు జిల్లా పుస్తకంలో చెల్లవని మైకులో చదివాడు. జనం నాకేసి చూశారు. ఐలి వాళ్ళకేసి చూసింది. జనం సరస్సుకేసి చూశారు.

అప్పుడు నేను లిండ్రూస్‌ని అడిగాను. "పందెం మధ్యలో విశ్రాంతి తీసుకోకూడదని రూలుందా?" అన్నాను. పుస్తకం తీసి చూశాడు. "లేదండీ" అన్నాడు. "ఎంతసేపు తీసుకోవచ్చు?" అన్నాను. మళ్ళీ చూశాడు. "రాయలేదండీ" అన్నాడు. "అయితే నాకింకా రెండు వేల నాలుగు వందల మీటర్లు ఉంది. గడియారం పట్టుకో" అన్నాను.

మార్తా వాళ్ళాయన స్కీలు అడిగి తెచ్చుకున్నాను. మోకాలు వంగదని నీకు తెలుసు. కుడి కాలు ఈడ్చాను, ఎడం కాలితో తోశాను, మిగతాది చేతులు చూసుకున్నాయి. రెల్లు చుట్టూ ఉన్న కొమ్మలకి నా బనీన్లు కట్టి ఉన్నాయి. అవి ఏమయ్యాయా అని జనవరి నుంచి వెతుకుతున్నాను. రెండుసార్లు పడ్డాను. రెండోసారి లేవకపోతే ఏమవుతుందని ఆలోచించాను. ఏమీ కాదు, పాతికమంది వచ్చి లేపుతారు. అది తలచుకుని లేచాను.

ముప్ఫై ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. పాతదానికి కలిపితే రెండు గంటల ఇరవై రెండు నిమిషాల ముప్ఫై సెకన్లు. ఇన్నేళ్ళూ నేనే అందరి టైములూ చెప్పాను కదా, నిన్న నాది ఐలి మైకులో చెప్పింది. నిమిషాలు బాగానే చదివింది. సెకన్ల దగ్గర మైకు పక్కకి పెట్టేసింది, లిండ్రూస్ అందుకుని చదవాల్సి వచ్చింది. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ అంకె దగ్గర తడబడటం నేను చూడలేదు. నాకూ కళ్ళ నీళ్ళొచ్చాయి. గాలి కూడా ఉందిలే.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని మిగతావాళ్ళ టైములు రాశాను. ఎదుటి ఒడ్డు పాలబండి డ్రైవరు గెలిచాడు, గంటా యాభై రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆనాటి నా వేగం మీద లెక్కేస్తే మొత్తం ముప్ఫైకీ నాకు గంటా యాభై మూడు నిమిషాల పదమూడు సెకన్లు పట్టేది. అంటే కుర్రాడు నిజంగానే నన్ను దాటాడు, అర నిమిషం. ఆ మాట వాడికి చెప్పాను. "ఇంకొంచెం ఉంది" అనాల్సిన అవసరం రాలేదు. చెప్తే బరువు దిగినట్టుంది, ఎందుకో తెలియదు.

జిల్లా పుస్తకం సంగతి నాకు తెలియదు. మన క్లబ్బు పుస్తకంలో నేనే రాశాను: ముప్ఫై కిలోమీటర్లు, ముప్ఫై నాలుగు మందిలో ముప్ఫై ఒకటో స్థానం. నా వెనక ముగ్గురున్నారు. అందులో పోస్టుమాస్టరు దారిలో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోయాడు. యాభై రెండులో మొదటి భాగానికి దారి వేసినవాడివి నువ్వే కాబట్టి నీ సంతకం కావాలి. పుస్తకం ఆసుపత్రికి పంపను. నువ్వే రావాలి.

నీ మీద కోపం పోయిందా అని ఐలి అడిగింది. పోలేదు. ఆసుపత్రికి వచ్చినవాడివి టోపీ పెట్టుకుని వెళ్ళిపోకుండా రెండు తిట్లు తిని వెళ్ళాల్సింది. పంతొమ్మిదేళ్ళు నువ్వొక్కడివే మోశావు, నన్నూ మొయ్యనివ్వలేదు. అది నాకు కష్టమనిపించింది.

నిన్ను ఇరవై ఎనిమిదిన పంపిస్తారని నర్సు ఫోనులో చెప్పింది. బస్సు అవతలి ఒడ్డున ఆగుతుంది. ఇంటికి గడ్డ మీదుగా నాలుగు కిలోమీటర్లు. ఊతకర్రలతో నడవకు. వెనక నిలబడి కాలితో తన్ని తోసే తన్నుడు బండి తీసుకొస్తాను, ముందు పీట మీద కూర్చుందువుగాని. నా ఎడం కాలు బాగానే తంతుంది. బండినే తన్నాలా, నిన్ను కూడానా అన్నది దారిలో ఆలోచిస్తాను.

టానేలి